వెలుగు పెంచితే నష్టమెందుకు? ఓఎల్‌ఈడీ తెర లెక్క

మిట్టమధ్యాహ్నం ఎండలో ఫోన్ తీస్తే తెర దానంతటదే వెలుగు పెంచుకుంటుంది. కాసేపటికే వెనకవైపు వేడెక్కుతుంది, బ్యాటరీ గబగబా దిగిపోతుంది. వెలుగు రెట్టింపైతే ఖర్చూ రెట్టింపు కావాలి. అంతకు మించి ఎందుకవుతోందన్న ప్రశ్నకు జవాబులో కొంత భాగం ఓఎల్‌ఈడీ తెర లోపలే ఉంది.

ముందు కొలత సంగతి. తెర వెలుగును నిట్స్‌లో చెబుతారు. చదరపు మీటరు తెర ఒక కొవ్వొత్తంత వెలుగిస్తే అది ఒక నిట్. ఫోన్ తెర వైశాల్యం చదరపు మీటరులో దాదాపు వందో వంతు. కాబట్టి 1,000 నిట్స్ అంటే అరచేతిలో పది కొవ్వొత్తుల వెలుగు. రాత్రి గదిలో చదువుకోవడానికి ఒక కొవ్వొత్తంత, అంటే 100 నిట్స్, సరిపోతుంది.

ఈ వెలుగు వెంట్రుక కన్నా వందల రెట్లు పలచనైన కార్బన్ పదార్థాల పొరల్లో పుడుతుంది. ఒకవైపు నుంచి ఎలక్ట్రాన్లు, రెండోవైపు నుంచి హోల్స్ (ఎలక్ట్రాన్ ఉండాల్సిన చోట ఖాళీలు) వచ్చి జతకడతాయి. ఆ జంట పేరు ఎక్సైటాన్. అది తన శక్తిని వదులుకుంటూ కాంతినిస్తుంది. 1987లో కొడాక్ సంస్థలో చింగ్ టాంగ్, స్టీవెన్ వాన్ స్లైక్ చేసి చూపిన పరికరం పది వోల్టుల లోపే వెలిగింది. కానీ వంద ఎలక్ట్రాన్లు లోపలికి వెళ్తే బయటికొచ్చింది సుమారు ఒక్క కాంతి కణమే.

అంత తక్కువ రావడానికి ఒక పెద్ద కారణం ఎక్సైటాన్లలోనే ఉంది. వందలో 25 మాత్రమే సింగ్లెట్‌లు, చటుక్కున వెలిగేవి. మిగతా 75 ట్రిప్లెట్‌లు, మామూలు పదార్థాల్లో వెలగకుండానే వేడిగా పోయేవి. 1998లో స్టీఫెన్ ఫారెస్ట్, మార్క్ థాంప్సన్ బృందం ప్లాటినం ఉన్న అణువును వాడి ఆ 75ను కూడా వెలిగించింది. బయటికొచ్చే కాంతి వందకు నాలుగు కణాలకు చేరింది. అయితే 100 నిట్స్‌కు వెళ్లేసరికి ఆ నాలుగులో సగం కూడా మిగల్లేదు.

ఎందుకంటే ట్రిప్లెట్ చాలాసేపు బతికే ఉంటుంది. సింగ్లెట్ ఆయుష్షు ఒక నిమిషం అనుకుంటే, మేలైన పదార్థంలో కూడా ట్రిప్లెట్‌ది మూడు గంటలు దాటుతుంది. ప్లాటినం అణువులో అయితే రోజులే. కరెంటు పెంచేకొద్దీ పాతవి ఇంకా వెలగకముందే కొత్తవి వచ్చి పడతాయి. రెండు ట్రిప్లెట్‌లు ఢీకొంటే కనీసం ఒకటి వెలగకుండా పోతుంది. జంటలు రెట్టింపైతే ఢీకొనడాలు నాలుగింతలు. నష్టం కరెంటుతో సమానంగా కాక అంతకన్నా వేగంగా పెరగడానికి మూలం ఇదే. ఏ జంటలోనూ చేరని ఎలక్ట్రాన్లు, హోల్స్ కూడా ట్రిప్లెట్ శక్తిని లాగేసుకుంటాయి.

మరి దారేమిటి? మొదటిది ట్రిప్లెట్‌ను త్వరగా వెలిగించి పంపేయడం. 1999లో అదే బృందం ఇరిడియం ఉన్న అణువుకు మారింది. అందులో ట్రిప్లెట్ ఆయుష్షు మైక్రోసెకను దరిదాపుల్లో ఉంటుంది. గరిష్ఠంగా 8 శాతం వచ్చింది. 100 నిట్స్ దగ్గర కూడా 7.5 శాతం నిలిచింది. ముందు ఏడాది సగానికి పైగా ఊడిపోయిన చోట ఇప్పుడు పోయింది ఎనిమిదిలో అర మాత్రమే! ఈ రంగంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన లెక్క ఇది.

రెండోది గుంపును పంచడం. ఒకే పొరలో 100 ఎక్సైటాన్లుంటే ఢీకొని 20 పోతున్నాయనుకుందాం. రెండు పొరలు పేర్చి యాభై యాభైగా సర్దితే, ఒక్కో పొరలో నష్టం నాలుగో వంతు, అంటే 5. రెండిటా కలిపి 10. రెండు పొరలకు వోల్టేజీ రెట్టింపు కావాలి కదా అంటారా? కావాలి. కానీ అంతే వెలుగుకు కరెంటు సగం చాలు, గుణిస్తే ఖర్చు అంతే. ఆ పైన ఢీకొనకుండా మిగిలిన పదీ లాభం. కరెంటు తగ్గితే పొరల ఆయుష్షు కూడా బాగా పెరుగుతుంది. 2024 ఐప్యాడ్ ప్రో తెర నిండా 1,000 నిట్స్ ఇస్తోందంటే ఈ జంట పొరల వల్లే.

మూడోది, పుట్టిన వెలుగును బయటికి రానివ్వడం. చదునైన పొరల్లో వందకు 20, 25 కణాలే బయటపడతాయి, మిగతావి గాజులో, పొరల్లో చిక్కుకుపోతాయి. 2023లో ఎల్‌జీ డిస్‌ప్లే 77 అంగుళాల టీవీ తెర మీద 4,240 కోట్ల సూక్ష్మ కటకాలు, అంటే ఒక్కో పిక్సెల్‌కు ఐదు వేలకు పైగా, అమర్చింది ఇందుకే. ఎక్కువ కాంతి బయటికొస్తే అదే వెలుగుకు తక్కువ కరెంటు చాలు, లోపల గుంపూ పలచబడుతుంది.

ఇంకా తేలని చిక్కు నీలం రంగు. నీలం ట్రిప్లెట్‌లో శక్తి ఎక్కువ. రెండు ఢీకొంటే ఆ మొత్తం శక్తి అణువులోని బంధాలనే తెంచగలదు. అందుకే ఎరుపు, ఆకుపచ్చ ట్రిప్లెట్‌లతో వెలుగుతున్నా, మన ఫోన్లలో నీలం ఇప్పటికీ పాత సింగ్లెట్ దారిలోనే నడుస్తోంది. 2025లో ఎల్‌జీ డిస్‌ప్లే ఒక పొర పాత నీలం, మరో పొర ట్రిప్లెట్ నీలం పేర్చి, కరెంటు ఖర్చు 15 శాతం దాకా తగ్గుతుందని ప్రకటించింది. రెండో పొరను కూడా మార్చగలిగితేనే అసలు ఆదా.

ఫోన్ కొనేటప్పుడు పెట్టె మీద పెద్ద అక్షరాల్లో కనిపించే నిట్స్ చాలావరకు తెరలో చిన్న భాగానికి, కొద్దిసేపటికి చెప్పే అంకె. పైన చెప్పిన ఐప్యాడ్‌కే పూర్తి తెరకు 1,000, గరిష్ఠం 1,600 అని రెండు అంకెలున్నాయి. ఎండలో మెసేజ్ చదవాలంటే మనకు పనికొచ్చేది మొదటి అంకె.