జవాబు రాని ఆదేశం: క్షేత్ర పరికరాల దూరనియంత్రణలో టైమౌట్ నివారణ

మహబూబాబాద్ జిల్లా పెద్దవంగర వంటి మండలాలలో సాగుకు బావులు, బోర్ల నీరు కీలకం. ఎప్పుడు, ఎంత తడి ఇవ్వాలో నిర్ణయించడానికి నేలతేమ సెన్సార్లు, డేటా లాగర్లు, మొబైల్ ద్వారా నడిచే పంపు స్టార్టర్లు పొలాలకు చేరుతున్నాయి. వీటిలో తరచుగా ఎదురయ్యే సమస్య టైమౌట్, అనగా నిర్ణీత గడువులోగా పరికరం నుండి జవాబు అందకపోవడం.

టైమౌట్ వచ్చినంత మాత్రాన ఆదేశం అమలు కాలేదని భావించరాదు. ఆదేశం అమలై, జవాబు మాత్రమే దారిలో పోయి ఉండవచ్చు. ఈ భేదాన్ని విస్మరిస్తే నష్టం తప్పదు. అందని పఠనాన్ని సున్నాగా నమోదు చేస్తే నేల పూర్తిగా ఎండినట్లు కనిపించి, అనవసరపు తడికి దారితీస్తుంది. ప్రయోగ మడి సగటు కూడా తప్పుతుంది. కావున ఆ గడిని ఖాళీగానే ఉంచాలి.

నేలతేమ సెన్సార్లలో విరివిగా వాడే ఎస్‌డీఐ-12 ప్రమాణం ఈ చిక్కుకు చక్కని పరిష్కారం చూపింది. ఇందులో కొలత ఆదేశం అందగానే సెన్సారు ముందుగా తనకు కావలసిన వ్యవధిని తెలియజేస్తుంది. ఉదాహరణకు 00053 అనే జవాబులో మొదటి సున్నా సెన్సారు చిరునామా, 005 అనగా 5 సెకన్లు, చివరి 3 రాబోయే విలువల సంఖ్య. లాగరు అంతవరకు వేచి, ఆపై విలువలను అడగాలి. ఒకే తీగపై రెండు సెన్సార్లకు ఒకే చిరునామా ఉంటే జవాబులు కలగలిసిపోతాయి; అప్పుడు గడువు ఎంత పెంచినా ఫలితం ఉండదు.

ప్రయోగశాలలోనూ ఇదే సూత్రం. మన విద్యుత్తు 50 హెర్ట్జ్ కనుక ఒక ఆవృత్తికి 20 మిల్లీసెకన్లు పడుతుంది. మల్టీమీటరును పఠనానికి 10 ఆవృత్తుల చొప్పున 100 పఠనాలు కోరితే కనీసం 20 సెకన్లు అవసరం. కంప్యూటరు గడువు 2 సెకన్లే అయితే పరికరం సక్రమంగా పనిచేస్తున్నా టైమౌట్ తప్పదు. ముందుగా వ్యవధిని లెక్కించి, దానికి కొంత అదనపు సమయం చేర్చి గడువు నిర్ణయించాలి. ఆదేశం చివర ఉండవలసిన ముగింపు గుర్తును, ప్రసార వేగాన్ని కూడా సరిచూడాలి.

పంపుల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ఒకే ఆదేశంతో నడిచే పంపును ఆపి, ఆగిన పంపును నడిపే ఏర్పాటులో, జవాబు రాలేదని అదే ఆదేశాన్ని మళ్లీ పంపితే పని తారుమారవుతుంది. ‘నడుపు’, ‘ఆపు’ అనే ఆదేశాలు వేర్వేరుగా ఉండాలి. మళ్లీ పంపే ముందు మోటారు స్థితిని అడిగి తెలుసుకోవాలి. బోరులో నీరు తగ్గినప్పుడు మోటారును ఆపే రక్షణ మొబైల్ సంకేతంపై ఆధారపడక, స్టార్టరులోనే ఉండాలి.

సెన్సారు పఠనాన్ని లాగరు మొదట తన జ్ఞాపికలో భద్రపరచి, సిగ్నల్ లభించినప్పుడు పంపే విధంగా అమర్చాలి. ప్రతి టైమౌట్ సమయాన్ని నమోదు చేయాలి. అవి రోజూ ఒకే వేళలో వస్తుంటే గడువు పెంచే ముందు బ్యాటరీ వోల్టేజిని, సిగ్నల్ బలాన్ని ఆ వేళలోనే పరీక్షించాలి.