వేలే సంతకం!

పిల్లలూ! తాండూరు పేరు చెప్పగానే పెద్దలకు రెండు వస్తువులు గుర్తుకు వస్తాయి. ఒకటి నీలి రంగులోను, పసుపు రంగులోను దొరికే నాపరాయి. రెండవది కందిపప్పు. ఈ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. రాయి తీసేవారూ, కంది పండించేవారూ చెమటోడ్చి సంపాదించిన సొమ్ము పూర్తిగా వారి చేతికే అందాలి గదా! అందులో ఎన్ని చిక్కులున్నవో, వాటిని యంత్రాలు ఎంతవరకు విప్పగలవో ఈసారి తెలుసుకుందాం.

పూర్వం చాలా పల్లెలలో బ్యాంకు ఉండేది కాదు. డబ్బును కుండలోనో, చీర మడతలోనో దాచుకునేవారు. అవసరం పడితే వడ్డీకి తేవడానికి షావుకారు దగ్గరకు పోవలసిందే. పట్నంలో బ్యాంకు ఉన్నదన్న మాటే గాని, అక్కడికి వెళ్ళాలంటే ఒక రోజు కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. చదువు రానివారు ఫారం వ్రాసిపెట్టమని ఎవరినో బతిమాలుకోవాలి. నూరు రూపాయలు దాచడానికి ఇంత శ్రమ ఎవరు పడతారు?

2006లో రిజర్వు బ్యాంకు దీనికి ఒక ఉపాయం చూపింది. బ్యాంకు తరఫున ఒక మనిషి ఊళ్ళోనే ఉండి డబ్బు ఇచ్చి పుచ్చుకోవచ్చునన్నది. అటువంటివారినే బ్యాంకు మిత్ర అంటారు. వారి దగ్గర అరచేతిలో పట్టే చిన్న యంత్రం ఉంటుంది. మీ అవ్వ తన ఆధార్ సంఖ్య చెప్పి, యంత్రపు అద్దం మీద వేలు ఆనిస్తుంది. వేలి మీది గీతలు ఏ ఇద్దరికీ ఒకేలా ఉండవు. అంతకు ముందే భద్రపరచి ఉంచిన గీతలతో ఇవి సరిపోయినట్టు జవాబు రాగానే, అవ్వ ఖాతాలో సొమ్ము తగ్గుతుంది, ఆమె చేతికి నోట్లు వస్తాయి. అంటే, వేలే సంతకం అన్నమాట!

ఇటువంటి పద్ధతివల్ల నిజంగా మేలు జరుగుతుందా? ఈ ప్రశ్నకు మన తెలుగునాటనే జవాబు దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి, పింఛన్లు వేలిముద్ర కార్డుల ద్వారా ఇవ్వసాగారు. 2010లో నల్లగొండ, ఖమ్మం, ఆదిలాబాదు మొదలైన 8 జిల్లాలలో 157 మండలాలను ఎంచుకుని, ఎవరికి ముందు కార్డులు ఇవ్వాలో, ఎవరికి తరువాత ఇవ్వాలో చీట్లు వేసినట్టుగా నిర్ణయించారు. కార్తీక్ మురళీధరన్, మరి ఇద్దరు ఆర్థిక శాస్త్రవేత్తలు ఆ రెండు రకాల మండలాలను రెండేళ్ళ తరువాత పోల్చి చూశారు. కార్డులు వచ్చినచోట కూలి డబ్బు చాలా రోజులు ముందుగా అందింది. దానికోసం కాచుకునే సమయం సుమారు 20 నిమిషాలు తగ్గింది. కూలీలకు చేరకుండా దారిలోనే జారిపోయే సొమ్ము అయిదింట రెండు వంతులు తగ్గిపోయింది!

అయితే యంత్రానికీ ఒక చిక్కున్నది. ఏళ్ళ తరబడి రాళ్ళు మోసినవారికి వేలి గీతలు కూడా అరిగిపోతాయి. అప్పుడు యంత్రం వారిని గుర్తుపట్టలేదు. కష్టపడి పనిచేసినందుకు తన సొమ్మే తనకు రాకపోతే ఎంత అన్యాయం! అటువంటప్పుడు చేతులు కడిగి తుడుచుకుని, మరొక వేలు పెట్టి చూడాలి. ఆధార్ కేంద్రంలో వేలిముద్రలు కొత్తగా ఇవ్వవచ్చు కూడా.

ఇదే అదనుగా మోసం చేసేవారూ లేకపోలేదు. "ముద్ర పడలేదు, మళ్ళీ పెట్టు" అని రెండుసార్లు సొమ్ము తీసి, ఒక్కసారే ఇస్తారు. అందుచేత వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగాలి. అవ్వకు చదువు రాకపోతే ఆ రసీదు చదివిపెట్టవలసింది ఎవరు? మీరే!

ఇక కిరాణా కొట్టులో నలుపు తెలుపు గళ్ళ చదరం మీరు చూచే ఉంటారు. దానిని 1994లో జపానులో కారు భాగాలను గుర్తించడానికి కనిపెట్టారు. 2016లో మన దేశంలో యూపీఐ అనే పద్ధతి వచ్చాక అది కొట్టుకొట్టునా వెలిసింది. ఆ చదరంలో డబ్బు ఉండదు. దుకాణదారుని చిరునామా మాత్రమే ఉంటుంది. నాన్న ఫోనులో రహస్య సంఖ్య నొక్కితే, ఆయన బ్యాంకు నుంచి దుకాణదారుని బ్యాంకుకు సొమ్ము క్షణాలలో చేరుతుంది. 2022 నుంచి మామూలు బొత్తాల ఫోనుతో కూడా ఇలా పంపవచ్చు.

ఇక్కడ ఒక్క సంగతి బాగా గుర్తుంచుకోండి. డబ్బు పంపడానికే రహస్య సంఖ్య కావాలి, పుచ్చుకోవడానికి అక్కరలేదు. "మీకు బహుమతి వచ్చింది, సంఖ్య నొక్కండి" అని ఎవరైనా ఫోను చేస్తే, అది మీ సొమ్ము కాజేసే ఎత్తేనని తెలుసుకోండి. పొరపాటున సొమ్ము పోతే ఆలస్యం చేయక 1930కి ఫోను చేయమని పెద్దలకు చెప్పండి. ఎంత త్వరగా చెబితే అంత మంచిది.

ఈ నెల మీరు ఒక పని చేసి చూడండి. ఒక నోటుపుస్తకంలో మూడు గళ్ళు గీయండి: తేది, వచ్చినది, పోయినది. అవ్వ రసీదులను, నాన్న ఫోనుకు బ్యాంకు నుంచి వచ్చే సందేశాలను అమ్మ దగ్గర కూర్చుని అందులో వ్రాయండి. నెలాఖరున కూడి, తీసివేసి, ఖాతాలో మిగిలిన సొమ్ముతో సరిచూడండి. లెక్క కుదిరితే సంతోషమే. కుదరకపోతే, ఎక్కడ తప్పిందో బ్యాంకుకు వెళ్ళి అడగడానికి మీ చేతిలో సాక్ష్యం ఉంటుంది.