లేపాక్షిలో తువ్వాలు

లేపాక్షికి వెళ్ళిన ప్రతివారూ చేసే పని ఒకటున్నది. వీరభద్రస్వామి గుడి నాట్యమండపంలో నేలకు పూర్తిగా ఆనని స్తంభం వున్నదిగదా! దాని కింద ఈ వైపునుంచి తువ్వాలు దూర్చి, ఆ వైపునుంచి లాగుతారు. నేనూ లాగాను. వెంట ముప్ఫైమంది విద్యార్థులాయె. తెలుగు మాస్టారికి ఆ మాత్రం గొప్ప వుండవద్దూ!

అసలు సంగతి ఆ తరువాత జరిగింది.

1530 ప్రాంతాల, అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించిన గుడి అది. మండపం కప్పు నిండా రంగుల చిత్రాలు. పార్వతీ కళ్యాణం, కిరాతార్జునుల కథ, ఆనాటి ఆడవారి చీరల అంచులు — ఎంతసేపు చూసినా తనివి తీరదు. మెడ మాత్రం పట్టేస్తుంది. అందుకని పిల్లల్ని నేలమీద వెల్లకిలా పడుకుని చూడమన్నాను. నా ఉపన్యాసం మండపమంతా మారుమోగుతున్నది. వాళ్ళ కాళ్ళు ఎటు వున్నవో నేను చూసుకోలేదు.

"నాయనా, రోంత పక్కకు జరుగుతారా? స్వామికి మంగళారతి ఇస్తాండారు."

వెనుదిరిగి చూద్దును గదా, ఒక ముసలమ్మ. చేతిలో కొబ్బరికాయ. పిల్లల్ని దాటలేక ఎంతసేపటినుంచి నిలబడి వున్నదో! కాళ్ళన్నీ గర్భగుడి వైపే వున్నవి. ఆమె కోప్పడితే బాగుండేది. తప్పు తనదే అయినట్టు బతిమాలింది.

పురావస్తుశాఖవారి రక్షణలో వున్నంతమాత్రాన అది మ్యూజియం కాదు. మనం ఏడాదికొకసారి చూడబోయే శిల్పం ఆ ఊరివారికి నిత్యం మొక్కుకునే దేవుడు. చెప్పులు బయట విడిచినవాళ్ళం, గొంతును లోపలికి యెందుకు మోసుకుపోతామో! ఇక సెల్‌ఫోనుల సంగతి. హారతి వెలుగులో దండం పెట్టుకునేవారి ముఖాలమీద ఫ్లాష్ కొట్టి ఫోటో తీయటం నేను కళ్ళారా చూశాను. అడిగి తీస్తే కాదనేవారు తక్కువ. గోడమీది చిత్రాలను మాత్రం, అడిగినా సరే, ముట్టుకోరాదు; చేతి జిడ్డుకు రంగు నిలవదు.

మరుసటి యేడు మళ్ళీ వెళ్ళాం. ఉపన్యాసం ముందుగానే, ఊరిమొదట వున్న ఏకశిలా నందీశ్వరుడి దగ్గర ముగించాను. ఆరుబయట ఎంత అరిచినా ఆయన ఏమీ అనుకోడు. గుడిలో పూజారిగారిని వేళ అడిగి, హారతి అయిందాకా ఒక పక్కగా నిలుచున్నాం. ఆ తరువాతే చిత్రాలు. అవీ నిలబడే చూశాం. ముసలమ్మ కోసం వెతికాను, కనిపించలేదు.

స్తంభం దగ్గర మాత్రం చెయ్యి మళ్ళీ తువ్వాలు మీదికి పోయింది. అప్పుడక్కడ ఎవరూ మొక్కుకోవటం లేదులెండి!