టార్ హీల్ ఫ్యాక్టరీలో నలుపు, తెలుపు, మరో రంగు

అమెరికాలోని నార్త్ కరోలినాలో టార్ హీల్ చిన్న ఊరు. 1992లో స్మిత్‌ఫీల్డ్ కంపెనీ అక్కడ పెద్ద పందిమాంసం ఫ్యాక్టరీ తెరిచింది. మొదట పనివాళ్లలో నల్లజాతివారే ఎక్కువ. తర్వాత మెక్సికో, మధ్య అమెరికాల నుంచి వలసజనం దిగారు.

అప్పటిదాకా ఎక్కువగా నలుపు, తెలుపు లెక్కలే నడిచిన ప్రాంతమది. కొత్తవాళ్ల వల్ల కూలి పెరగడం లేదని నల్లవారు గుర్రుగా ఉండేవారు. నల్లవారు ఒళ్లు వంచరని కొత్తవాళ్లకు చిన్నచూపు. భాషా కలవదు, భోజనాల దగ్గరా ఎడమే. ఈ ఎడం ఎవరికి లాభమో చెప్పక్కర్లేదు: కార్మికులకు యూనియన్ కావాలా వద్దా అని 1994, 1997లలో జరిగిన ఓటింగుల్లో యూనియన్ ఓడింది, కంపెనీ బెదిరింపులూ తోడై.

2006 నవంబరులో కాగితాలు సరిగా లేవని కొందరిని తీసేస్తే, సుమారు వెయ్యిమంది, ఎక్కువగా హిస్పానిక్‌లే, పని ఆపి బయటికొచ్చారు. ఆ వెంటనే మార్టిన్ లూథర్ కింగ్ జయంతికి సెలవు కావాలని నల్లవారు గొంతెత్తారు.

2008 డిసెంబరులో 2,041 ఓట్లతో యూనియన్ గెలిచింది, వ్యతిరేకం 1,879. దీన్ని చెలిమి కథగా చెప్పడం తొందరపాటే. 2007లో ఇమిగ్రేషన్ దాడులకు జడిసి వలసకార్మికులు చాలామంది అప్పటికే వెళ్లిపోయారు.