హాస్టలులో కరెంటుకూ నీళ్లకూ లెక్క చెప్పేదెవరు?

బత్తలపల్లె: ఈ మండలంలోని పల్లెల నుంచి ఏటా ఎందరో విద్యార్థులు పై చదువుల కోసం అనంతపురం బాట పడుతుంటారు. 1968లో పి.జి. కేంద్రంగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన శ్రీకృష్ణదేవరాయ, 1946 నాటి ఇంజనీరింగు కళాశాల పునాదిపై 2008లో ఏర్పడిన జె.ఎన్.టి.యు., 2018లో వచ్చిన కేంద్రీయ విశ్వవిద్యాలయం... మూడూ అనంతపురంలోనూ ఆ చుట్టుపక్కలా ఉన్నాయి. బత్తలపల్లె 2022లో శ్రీ సత్యసాయి జిల్లాలోకి వెళ్లింది గాని చదువుకునే పిల్లల బస్సు మాత్రం దారి మార్చుకోలేదు.

ఇంటి దగ్గర బిందె లెక్కన నీళ్లు వాడిన పిల్లవాడు హాస్టలు కొళాయి తిప్పిన వారానికే ఆ లెక్క మరచిపోతాడు. తప్పంతా అతనిది కాదు. మెస్సు సంగతి చూడండి. బియ్యం, పప్పు, గ్యాసు ఖర్చంతా తలకింత చొప్పున పంచే ‘డివైడింగ్’ పద్ధతి ఉన్నచోట నెలాఖరున బిల్లు గోడకెక్కగానే ప్రతి రూపాయికీ తగవు పడతారు. కరెంటు, నీళ్లు అలా కాదు. చాలా చోట్ల అవి గది అద్దెలోనో మరో ఖాతాలోనో కలిసిపోతాయి. కనబడని ఖర్చుకు తగవు పడేవాడెవడు?

అమెరికాలో కొన్ని విశ్వవిద్యాలయాలు, కళాశాలలు ఇంధన పొదుపే నియమంగా ప్రత్యేక వసతి గృహాలు నడుపుతున్నాయి. ఒహాయో రాష్ట్రంలోని ఓబర్లిన్ కళాశాలలో 2007లో అటువంటి ఇల్లు ఒకటి మొదలైంది. అక్కడి విద్యార్థులు స్నానాల గదిలో ఇసుక గడియారం పెట్టుకుని నీళ్లు వాడారు. అంతకు ముందు 2005లో అదే కళాశాల హాస్టళ్ల మధ్య రెండు వారాలు పోటీ పెట్టి, ఎవరి భవనం ఎంత కరెంటు వాడుతోందో ఎప్పటికప్పుడు తెలిసే ఏర్పాటు చేశారు. వాడకం 32 శాతం తగ్గింది. నీళ్లు మాత్రం 3 శాతమే తగ్గాయి. నీటి కొరత లేని నాట అంతకంటే ఆశించలేము. మన దగ్గర పోటీ పెట్టవలసింది ముందు నీళ్లకే.

ఉమ్మడి అనంతపురం జిల్లా సాధారణ వర్షపాతం 552 మిల్లీమీటర్లు. అంటే చదరపు మీటరు మిద్దె మీద ఏడాదికి 552 లీటర్లు పడతాయి. 500 చదరపు మీటర్ల కప్పున్న హాస్టలులో ఐదో వంతు వృథా అయినా 2 లక్షల 20 వేల లీటర్లు చేతికొస్తాయి. వంద మంది విద్యార్థులు పట్టణ ప్రమాణం ప్రకారం రోజుకు 135 లీటర్లు వాడితే ఆ నీళ్లు పదహారు రోజుల్లో అడుగంటుతాయి. తాగడానికి, వంటకు మాత్రమే తలకు పది లీటర్లు కేటాయిస్తే ఏడు నెలలు వస్తాయి. బోరు నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్న గ్రామాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి. మొదటి జల్లు వదిలేసి, వడగట్టి, శుద్ధి చేసుకున్న వాన నీరు వాటికంటే మేలు. అయితే వాన కురవని ఏడు ఈ లెక్క సగానికి పడిపోతుందన్నది ఇక్కడి రైతుకు ఒకరు చెప్పనక్కరలేదు.

కరెంటుదీ ఇదే తీరు. పాత సీలింగు ఫ్యాను 75 వాట్లు లాగితే కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యానుకు 30 వాట్లు చాలు. రోజుకు పది గంటలు తిరిగే అరవై ఫ్యాన్లు మారిస్తే 27 యూనిట్లు మిగులుతాయి. చలికాలంలో ఒక్కొక్కరికి పదిహేను లీటర్ల వేడినీళ్లు కాచడానికి వంద మందికి రోజుకు సుమారు 35 యూనిట్లు కావాలి. వార్డెను కళ్లుగప్పి బకెట్లలో వేసే హీటరు కడ్డీలకు ఈ కరెంటంతా పోతుంది. ప్రాణాపాయం సంగతి సరేసరి. వంద లీటర్ల సౌర హీటర్లు ఎనిమిది మిద్దె మీద పెడితే ఎండ కాసిన రోజు ఆ అవసరం తీరిపోతుంది.

ఎండకు ఇక్కడ కరువు లేదు. రామగిరి కొండల మీద 1990లలోనే గాలిమరలు లేచాయి. ఎన్.పి.కుంట సౌర పార్కులో 2016లో ఎన్.టి.పి.సి. 250 మెగావాట్లు ఉత్పత్తి ప్రారంభించింది. తిరుమలలో 2002లోనే 15 వేల మందికి సరిపడే వంటకు ఎండతో ఆవిరి పుట్టించే అద్దాల పళ్లాలు నిలబెట్టారు. హాస్టలు వంటశాల అందులో ఎన్నో వంతు? మెస్సులో పారబోసే అన్నం, కూరలతో గ్యాసు కూడా తీయవచ్చు. ఒక ఘనమీటరు బయోగ్యాసు సుమారు 0.45 కిలోల వంటగ్యాసుకు సాటి.

చిక్కు మరోచోట ఉంది. మన బోర్లవి ఉప్పు నీళ్లు. సౌర హీటరు గొట్టాల్లో సున్నం పేరుకుపోయి కొన్నాళ్లకే పూడిపోతాయి. మంచినీరు విడిగా తిరిగే రకం కొనాలి, లేదా ఏటా కడిగించాలి. కొనడానికి నిధులు మంజూరైనంత సులువుగా కడిగించడానికి కావు. బయోగ్యాసు తొట్టిలో ప్లాస్టిక్ కప్పులు, నిమ్మ తొక్కలు పడకుండా చూసే మనిషి కూడా ఉండాలి. ఆ బాధ్యత విద్యార్థుల కమిటీకి అప్పగించి, మిగిలిన సొమ్ములో సగం మెస్సు బిల్లులో తగ్గిస్తే పని సాగే అవకాశముంది. బిడ్డ మెస్సు బిల్లు కోసం చెనిక్కాయలు అమ్మే తండ్రికి ఆ తగ్గే వంద రూపాయలూ లెక్కే.

ఇవన్నీ ఒక్కరోజులో కావు. అంతస్తుకో కరెంటు మీటరు, ట్యాంకుకో నీటి మీటరు మాత్రం వెంటనే బిగించవచ్చు. మెస్సు గుమ్మం దగ్గర ఆ పూట కూరేమిటో రాసే నల్లబల్ల ఎలాగూ ఉంటుంది. దాని మీదే నిన్నటి యూనిట్లు, నిన్నటి లీటర్లు రాయించడానికి టెండర్లు పిలవనక్కరలేదు.