నోట్లు మారునపుడు ప్రయాణికులు తెలిసికొనవలసినది

చిత్తూరు, తిరుపతి జిల్లాల గ్రామస్థులు తిరుమలకు మ్రొక్కు తీర్చుటకును, వేలూరికి వైద్యమునకును, కుప్పము, పలమనేరుల నుండి బెంగుళూరికి పనులకును పోవుచుందురు. ప్రభుత్వము పాత నాణెములనో, నోట్లనో మార్చినపుడు ఇంట నున్నవారి కంటె దారిలో నున్నవారికే ఇబ్బంది యెక్కువ. చేబదులిచ్చు పొరుగువారు అచ్చట నుండరు. కావున పంచాయతి సభ్యులు ఈ విషయములను గ్రహించి గ్రామమున తెలుపవలెనని మేము కోరుచున్నాము.

1957 ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 16 అణాల లెక్క పోయి 100 నయాపైసల లెక్క వచ్చినది. అణాకు 6 నయాపైసలు, నాలుగణాలకు 25 అని నిర్ణయించిరి. అణాను నాలుగుమార్లు మార్చినవానికి 24, నాలుగణాలను ఒక్కమారు మార్చినవానికి 25 వచ్చెడివి. అయినను పాత నాణెములు కొంతకాలము క్రొత్తవానితో కలసి చెల్లినవి గనుక ప్రజలకు వ్యవధి దొరకినది.

2016లో అట్టి వ్యవధి లేదు. నవంబరు 8వ తేదీ రాత్రి ప్రకటన వెలువడి, ఆ అర్ధరాత్రి నుండియే 500, 1000 రూపాయల నోట్లు చెల్లకపోయినవి. ప్రభుత్వ ఆసుపత్రులు, రైల్వే టిక్కెట్టు కౌంటర్లు, ప్రభుత్వ బస్సులు మాత్రము కొన్నాళ్ళు వానిని పుచ్చుకొన్నవి. ప్రైవేటు వసతి గృహములకును, భోజనశాలలకును అట్టి నిర్బంధము లేదు. బ్యాంకులలో జమ చేయుటకు డిసెంబరు 30 వరకు గడువిచ్చిరి. గడువు దాటిన పిదపను శ్రీవారి హుండీలో రద్దయిన నోట్లు పడినవి.

2023 మే 19న 2000 రూపాయల నోట్ల విషయమున రిజర్వు బ్యాంకు చేసిన ప్రకటన వేరు. అది ఉపసంహరణయే గాని రద్దు గాదు. ఆ నోట్లు చట్టరీత్యా చెల్లును. బ్యాంకులలో మార్పిడి 2023 అక్టోబరు 7తో ముగిసినది. ఇపుడు హైదరాబాదు, చెన్నై మొదలగు చోట్లనున్న రిజర్వు బ్యాంకు కార్యాలయములలో ఇయ్యవచ్చును. లేదా తపాలా ద్వారా పంపి తమ ఖాతాలో జమ చేయించుకొనవచ్చును.

కావున ప్రకటన వినగానే మూడు సంగతులు విచారింపవలెను: నోటు రద్దయినదా, ఉపసంహరింపబడినదా? గడువెన్నడు? ప్రయాణములో ఎచ్చట పుచ్చుకొందురు? సొమ్మంతయు పెద్ద నోట్లుగా తీసికొని పోరాదు. కొంత చిల్లరగా నుంచుకొనవలెను. తగ్గింపునకు మార్చెదమను దళారులను నమ్మరాదు.

వదంతులకును లోబడరాదు. పది రూపాయల నాణెములు చెల్లవని కొందరు త్రోసిపుచ్చుచుందురు. అన్ని నమూనాలును చెల్లునని రిజర్వు బ్యాంకు 2018లో స్పష్టము చేసినది. 25 పైసలు, అంతకు తక్కువ నాణెములు మాత్రము 2011 జూన్ 30 నుండి చెల్లవు, అర్ధరూపాయి చెల్లును.

మన యిండ్లలో వడ్డికాసులవానికి పసుపుగుడ్డలో ముడుపు కట్టి ఏండ్ల తరబడి దాచుట ఆచారము. అవ్వ కట్టిన ముడుపును కొండమీద విప్పినపుడు చెల్లని నోటు బయటపడిన ఆమె మనస్సెంత కలత చెందును! నోట్లు మారిన ప్రతి పర్యాయమును ముడుపు విప్పి, పాత నోటు తీసి, క్రొత్తది పెట్టి మరల కట్టుట మేలు.

బ్యాంకు ఖాతా లేనివారు, చదువురానివారు, వృద్ధులు ఈ వార్తను చివరకు వినువారు. గడువు తేదీని గ్రామసభలో చదివి, దండోరా వేయించి, పంచాయతి కార్యాలయము వద్ద వ్రాయించిన యెడల వారి కష్టార్జితము వ్యర్థము గాకుండును.