నీటికాసులతో పుట్టు శిశువులు

పసిబిడ్డ కన్నులు విశాలముగా నుండిన చక్కదనమని మురియుట తెలుగునాట నంతటను గలదు. కాని ఆ కన్నులు దినదినమును పెద్దవగుచు, వెలుతురు నోర్వక మూతపడుచు, ఊరక నీరు గార్చుచు, నల్లగుడ్డు తెల్లబారుచున్నచో నది చక్కదనము గాదు, పుట్టుకతో వచ్చిన నీటికాసుల రోగము. కంటిలో నిరంతరము నూరు ద్రవము వెలికిపోవు సూక్ష్మమార్గము గర్భమందే సరిగా నేర్పడమిచే లోపలి ఒత్తిడి హెచ్చి, శిశువు యొక్క మెత్తని కనుగుడ్డును సాగదీసి, తుదకు దృష్టినాడిని నశింపజేయును. ఆంధ్రప్రదేశమున సుమారు 3,300 జననముల కొకటి వంతున నీ వ్యాధి గలదని 1998లో ప్రకటితమైన పరిశీలనము తెల్పినది; పాశ్చాత్యదేశములలో నిది ఇంతకన్న మిక్కిలి అరుదు.

ఈ భేదమునకు మన మేనరికములు ఒక ముఖ్యకారణము. దాదాపు ప్రతి జన్యువునకును తల్లినుండి యొకటి, తండ్రినుండి యొకటి చొప్పున రెండు ప్రతులుండును. ఈ రోగమునకు మూలమగు జన్యువున ఒక ప్రతి చెడినను రెండవది కాపాడును గనుక తల్లిదండ్రులకు రోగమేమియు గనబడదు. అక్కకూతురిని మేనమామ పెండ్లాడినపుడు, ఒకే పూర్వికునినుండి వచ్చిన చెడుప్రతి ఇరువైపులనుండియు బిడ్డకు సంక్రమించుట కవకాశ మెక్కువ. దంపతు లిరువురును ఆ చెడుప్రతి గలవారైనచో ప్రతి కాన్పునందును నాల్గింట నొక వంతు భయము గలదు. ఒక బిడ్డకు వచ్చినది గనుక తక్కిన ముగ్గురికి రాదని తలపరాదు. తల్లి గర్భవతిగా నున్నపుడు ఏదో తినెననియు, పాపఫలమనియు నిందించు నోళ్లకు ఈ లెక్క తెలియవలెను.

ఈ రోగమునకు మూలమగు ఆ జన్యువు రెండవ క్రోమోజోముమీద నున్నదని 1995లో తురుష్కదేశపు కుటుంబములవలన దెలిసెను, 1997లో సి.వై.పి.1.బి.1 అను దానిని గుర్తించిరి. హైదరాబాదునందలి ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్యసంస్థలో శస్త్రవైద్యుడు అనిల్ కుమార్ మండల్, శాస్త్రజ్ఞుడు డి. బాలసుబ్రమణియన్ మొదలగువారు, డి.ఎన్.ఏ. ఫింగర్‌ప్రింటింగ్ కేంద్రపు సయ్యద్ హస్నైన్‌తో గూడి, రోగుల నెత్తురునుండి ఆ జన్యువును వేరుపరచి, అక్షర మక్షరముగా జదివి, రోగములేనివారి దానితో సరిపోల్చి, 2002లో ఫలితములను ప్రకటించిరి. వారికి గోచరించిన మార్పులలో నొకటి మిక్కిలి స్వల్పము: ఆ జన్యువు నిర్మించు 543 అమైనో ఆమ్లముల ప్రోటీనులో 368వ చోట అర్జినీనునకు మారుగా హిస్టిడీను చేరినది. జన్యువునందొక్క అక్షరము తారుమారగుటయే దానికి కారణము! మన దేశపు రోగులయందు తరచుగా గాననగు మార్పు ఇదియేనని పిమ్మట దేలినది.

ఇది దెలిసినందున గలిగిన మేలు గొప్పది. ఇంటిలో నొక బిడ్డకు మార్పు బయల్పడినచో, తరువాతి శిశువునకు పుట్టినవెంటనే పరీక్ష జరిపి, రోగమున్నచో ఆలస్యము చేయక శస్త్రచికిత్సచే ద్రవమునకు దారి కల్పింపవచ్చును. పెండ్లి నిశ్చయించుటకు ముందే బంధువులు సలహా పొందవచ్చును. అయినను ఈ రోగము గల మన కుటుంబము లనేకములయందు ఈ జన్యువున దోషమేమియు గానరాదు. అచ్చట కారణము వేరొక జన్యువునందుండవచ్చును. కావున నెత్తుటిపరీక్షలో నేమియు లేదని తేలినంతమాత్రమున ఊరకుండక, కన్ను పెద్దదైన బిడ్డను కంటివైద్యునికి తప్పక చూపవలెను.